పేరు పోగొట్టుకొన్న పువ్వు

ఆషాఢము కడచి శ్రావణము సమీపించునప్పటికి కోయంబత్తూరులోని మన తెలుగువారి యిండ్లలో ఏటేట ఒక ముచ్చట జరుగుచుండును. సాయంకాలము అయిదు గంటల వేళ ఫోను మ్రోగును. "బాబాయిగారూ, ఈ రాత్రి మా ఇంట్లో బ్రహ్మకమలం పూస్తుంది. పిన్నిగారిని కూడా తీసుకొని తప్పక రండి" అని పిలుపు వచ్చును. పోయి చూతుము గదా, మేడమీద కుండీ చుట్టును కుర్చీలు వేసియుందురు. కుండీకి పసుపు, కుంకుమ. దాని ముందు దీపము, కొబ్బరికాయ. తొమ్మిది దాటిన పిదప తెల్లని మొగ్గ మెల్లమెల్లగా విచ్చుకొనును. వాసన మేడయంతయు నిండును. ఆడవారు హారతి పాడుదురు, కుర్రవారు ఫొటోలు తీయుదురు. కాఫీ త్రాగి మేము ఇల్లు చేరునప్పటికి పదకొండు కావచ్చును. తెల్లవారునప్పటికి ఆ పువ్వు వాడి వ్రేలాడుచుండును గాని, దాని ఫొటో బంధువుల ఫోన్లలో ఊళ్లు తిరుగుచునే యుండును. ఒక్కొక్కప్పుడు పత్రికలకును ఎక్కును. హిమాలయములలో మాత్రమే పూచు అరుదైన బ్రహ్మకమలము ఫలానావారి యింట వికసించినదనియు, చుట్టుప్రక్కలవారు తండోపతండములుగా వచ్చి దర్శించుకొనిరనియు వ్రాయుదురు.

మేము అట్టి పిలుపులలో ఒక్కదానిని కూడ త్రోసిపుచ్చలేదు. ఆ కాఫీకిని, ఆ యాదరమునకును కృతజ్ఞులము. అయినను ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని అడిగినప్పుడు, చాలయేండ్లుగా నాలుక చివర నిలిచియున్న మాట చెప్పకతప్పదని తోచినది. ఆ పువ్వు బ్రహ్మకమలము కాదు. ఆ పేరు వేరొక పువ్వుది. ఆ పువ్వు హిమాలయముల పైయెత్తున, మంచు ప్రక్కన, రాళ్లసందున పెరుగుచు నేడు ఆపదలో నున్నది. దాని పేరు తెచ్చి మన కుండీలోనిదానికి కట్టబెట్టుటచే ఆ యాపద మన కంటికి కనబడకుండ పోయినది. ఇదియే మా ఫిర్యాదు. దీనిని చాదస్తమనువారు తుదివరకు చదివి పిమ్మట అనవచ్చును.

ముందుగా కుండీలోనిదాని జాతకము. అది మెక్సికో, గ్వాటెమాలా మొదలగు దేశముల అడవులలో చెట్లకొమ్మలను పట్టుకొని పెరుగు జెముడు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటలమ్. మనము ఆకు అనుకొనునది ఆకే కాదు, బల్లపరుపైన కాండము. దానిని త్రుంచి తడిమట్టిలో గ్రుచ్చిన చాలును, బ్రదికి బట్టకట్టును. ఒక యింటి పేరంటములో చేతికందిన ముక్క మరుసటి యేటికి మూడిండ్లలో మొలచుట మనమెరిగినదే. పండ్రెండేండ్ల కొకమారు పూచునను మాటయు వట్టిది. సరిగా నీడయు నీరును దొరికినచో ప్రతి యేటను పూచును, ఒక్కొక్క యేడు రెండు మూడు విడతలుగా పూచును. బ్రహ్మతో దానికి చుట్టరిక మేదైన కలదందుమా, అది బ్రహ్మజెముడు ద్వారా వచ్చినదే గాని వేరు కాదు. కమలముతో నైతే అదియు లేదు. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు' అను సామెత ఇచ్చట పనికిరాదు; వాసన నిజముగా మంచిదే. ఆ మంచి వాసనకు తగిన పేరును మన పొరుగువారు ఎన్నడో పెట్టియున్నారు. పాలక్కాడు దాటి అవతలకు పోయినచో మలయాళీలు దీనిని నిశాగంధి యందురు. తిరువనంతపురములో ఒక ఆరుబయలు రంగస్థలమునకు కూడ ఆ పేరే పెట్టుకొన్నారు. రాత్రివేళ పరిమళించునది! పువ్వు చేయు పనినే పువ్వునకు పేరుగా పెట్టిరి. అబద్ధమాడలేదు, అప్పు తేలేదు.

ఇక అసలుదాని సంగతి. దానిని మేము మొదట చూచినది తపాలాబిళ్ల మీద. 1982లో తపాలాశాఖవారు హిమాలయ పుష్పములని నాలుగు బిళ్లలు వెలువరించిరి. వానిలో రెండు రూపాయల ఎనుబదియైదు పైసల బిళ్లమీద బ్రహ్మకమలము ముద్రింపబడినది. అప్పటికి మేము గుమాస్తాగా ఉద్యోగమున చేరి రెండేండ్లు. కౌంటరులో కూర్చుండి ఆ బిళ్లను చింపి యిచ్చునప్పుడెల్ల, ఆ బొమ్మకును మా అమ్మగారు పెరటిలో పెంచిన పువ్వునకును ఇసుమంతయు పోలిక లేకపోవుట చూచి, చిత్రకారుడు పొరబడెనేమో యనుకొంటిమి. పొరబడినది మేమని తెలియుటకు చాలకాలము పట్టినది.

అది చామంతి, బంతి, ప్రొద్దుతిరుగుడు చేరిన కుటుంబమునకు చెందిన మొక్క. సౌసూరియా ఆబ్‌వల్లాటా యని శాస్త్రనామము. జానెడు మొదలు మూరెడు వరకు ఎదుగును. మనము పూరేకులనుకొను లేతపసుపు దొన్నెలు పూరేకులు కావు. అవి పువ్వును కప్పియుంచు డొప్పలు. నూనె కాగితమువలె వెలుతురును లోనికి రానిచ్చును, చలిగాలిని వానను వెలుపలనే నిలుపును. పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్లు ఆ డొప్పలలోపల ఊదారంగు పూలగుత్తి దాగియుండును. ఘాటైన వాసన. సుమారు 3,700 మీటర్లు మొదలు 4,600 మీటర్ల యెత్తువరకు దాని కాపురము. ఈ అంకెలు మనకు అందునట్లు చెప్పవలెనన్నచో, మన నీలగిరులలో అన్నిటికంటె ఎత్తైన దొడ్డబెట్ట 2,637 మీటర్లు. దానినెక్కి చలికి శాలువ కప్పుకొన్నవారు, ఆపైన ఇంకొక వేయి మీటర్లు మనసులో ఎక్కి చూచుకొనవలెను. చెట్లు పెరుగుట ఆగిపోయిన చోటికి పైన, శాశ్వతమైన మంచుకు క్రింద, నడుమ నున్న పచ్చికబయళ్లను గఢ్వాలువారు బుగ్యాల్ అందురు. ఏటిలో సగము కాలము అవి మంచుక్రింద నుండును. మిగిలిన కొలది నెలలలోనే మొక్క చిగిర్చి, పూచి, విత్తనము కట్టి, గాలికి విడిచి, మరల నేలలోనికి ఒదిగిపోవలెను. జూలై నుండి సెప్టెంబరు వరకు పూచును. 2000లో ఏర్పడిన ఉత్తరాఖండ్ రాష్ట్రము దీనిని తన రాష్ట్రపుష్పముగా చేసికొన్నది.

ఈ భేదము సంఘము వరండాలో ఒకనాడు చెప్పినప్పుడు ఒక మిత్రులు నవ్విరి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? సీతాఫలం కూడా అమెరికా సరుకే. సీతమ్మ పేరు పెట్టుకుని తినటం లేదా? ఏం మునిగిపోయింది?" అనిరి. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఇంటికి వచ్చినపిదప ఆ ప్రశ్నకు జవాబు చెప్పనందుకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు చెప్పెదము. సీతాఫలమునకు ఆ పేరు పెట్టిననాడు ఆ పేరుగల పండు వేరొకటి కొండమీద ఎదురుచూచుచుండలేదు. ఎవరి పేరును ఊడబెరికి దానికి ఇవ్వలేదు. మిరప వచ్చినది, జామ వచ్చినది, బొప్పాయి వచ్చినది, వేరుసెనగ వచ్చినది. సముద్రములు దాటి వచ్చినవాని కెల్ల మన భాష పీట వేసి కూర్చుండబెట్టినది. అది మన భాష ఘనత. అతిథికి పీట వేయుట ఒకటి; ఇంటివానిని లేపి వాని పీట అతిథికి వేయుట మరియొకటి.

నలుబదియేండ్లు ఉత్తరముల నడుమ బ్రదికినవారము గనుక మాకు తెలిసిన పోలిక చెప్పెదము. ఒకే వీధిలో ఒకే పేరుగలవారు ఇద్దరున్నచో ఏమగును? ఒకరికి వచ్చిన మనియార్డరు రెండవవారికి ముట్టును. పుచ్చుకొన్నవారు దొంగలు కారు. ఇచ్చినవారు దుర్మార్గులు కారు. కాని అసలు చేరవలసిన ముసలివారు పండుగనాడు వట్టిచేతులతో గడపలో నిలుచుండుట మేము కన్నులార చూచితిమి. హిమాలయపు బ్రహ్మకమలము గతి అదియే. దానికి చేరవలసిన భక్తి, ఆదరము, ఆరాటము, సర్వమును చిరునామా తప్పి మన మేడమీది కుండీకి బట్వాడా యగుచున్నవి.

ఇది అతిశయోక్తి యనువారికి ఒక్క సంగతి. మా వీధిలోని ఒక బడిపిల్లతో, హిమాలయములలో బ్రహ్మకమలము రానురాను తగ్గిపోవుచున్నదమ్మా యని ఒకనాడు చెప్పితిమి. ఆ పిల్ల మమ్ము ఓదార్చినది! "బెంగ పడకండి తాతగారూ, మా మేడమీద నాలుగు కుండీలున్నాయిగా. ఒక ముక్క పంపిద్దాం" అన్నది. ఆ పిల్ల మనసెంత మంచిది! తప్పు దానిది కాదు. దానికి పేరు చెప్పి నేర్పిన మనది. పేరు ఒకటియే యైనప్పుడు, ఒకటి ఇంటింట పెరుగుచుండగా రెండవది నశించుచున్నదని ఎవరు నమ్ముదురు? నమ్మనివారు దానికై ఏమి చేయుదురు?

అదియునుగాక, పేరు విలువ మనకు ఇంకొకరు చెప్పవలెనా? తరతరములుగా పరరాష్ట్రములలో కాపురమున్నవారము. మన ఇంటిపేర్లు కచేరీల చిట్టాలలో ఒక్క పొడి అక్షరమై, కొన్నియెడల ఆ యక్షరమును కూడ పోగొట్టుకొన్నవి. తాతల ఊరిపేరు ఇంటిపేరులో తప్ప వేరెచ్చటను మిగులని కుటుంబములు మనలో ఎన్ని లేవు! ఆ పేరు తప్పుగా వ్రాసిన కాగితమును దిద్దించుటకు ఎన్ని గడపలెక్కుదుము! పేరుపోయిన బాధ నెరిగిన మనమే ఒక మూగమొక్క పేరు లాగికొన్నామన్నచో ఏమనవలెను?

కొండవారి నడవడి చూడుడు. ఆ సీమలో నందాదేవి ఇంటి ఆడపడుచు. ఏటేట భాద్రపద శుక్లాష్టమినాడు, నందాష్టమియని ఆమెకు పండుగ చేయుదురు. ఆ పూజకు బ్రహ్మకమలము కావలెను. కాని నందాష్టమికి ముందు దానిని కోయరాదని పెద్దల కట్టడి. కోయుటకు పోవువారు నియమముతో చెప్పులు లేని కాళ్లతో బుగ్యాలునకు ఎక్కి పోవుదురు. దీనిని మూఢాచారమని త్రోసివేయువారు కాలపట్టికను ఒక్కమారు చూడవలెను. జూలైలో పూచిన పువ్వులు భాద్రపదము నాటికి ముదిరి విత్తనము పట్టుదశకు వచ్చును. అంతవరకు ఆగినవాడు దేవికి పువ్వు నిచ్చినవాడును అగును, కొండకు విత్తనము మిగిల్చినవాడును అగును. వృక్షశాస్త్రము చదువని పల్లెవారు పండుగతిథి రూపమున కట్టిన కట్టుబాటు అది.

ఆ కట్టుబాటును త్రెంచినది ఎవరు? మనవంటి యాత్రికులము. ప్రవరుడు హిమాలయమునకు పోవుటకు సిద్ధుడు పాదలేపము నీయవలసివచ్చెను. అదియు మంచులో కరగిపోయెను. నేటి పాదలేపము కరగునది కాదు. దారులు వెడల్పయినవి, హెలికాప్టరులు తిరుగుచున్నవి. 2023లో ఒక్క కేదారనాథమునకే 19 లక్షలకు పైబడి యాత్రికులు వచ్చిరి. యాత్రికులు వచ్చుట తప్పని మేమనము, మేమును పోయినవారమే. కాని పల్లెకొక బుట్టెడు పువ్వులతో జరిగిన పూజ వేరు. వచ్చిన ప్రతివారికిని ఒక పువ్వు చేతికందవలెనను కోరిక వేరు. నందాష్టమి యెప్పుడో, కోతకు నియమమేమో యాత్రికునికి తెలియదు. అతనికి తెలిసినది తిరుగు ప్రయాణపు తేదీ మాత్రమే. అడుగువారున్నంతకాలము కోయువారు పుట్టుచునే యుందురు. శ్రావణములో పూచినది శ్రావణములోనే బుట్టకెక్కును. విత్తనము కట్టకమునుపే కోసిన పువ్వు ఆ యేటి సంతానము. గట్టిగా పెరికినచో వేరుదుంప కూడ ఊడివచ్చును. అప్పుడు తల్లియు పోవును. మూలికల నిపుణులు ఉత్తరాఖండ్‌లో దీనిని అంతరించు ప్రమాదమున్న మొక్కలలో లెక్కించుచున్నారు.

ఇంతవరకు వ్రాసి మా సంగతి దాచుట న్యాయము కాదు. 2011 శ్రావణములో, వానల కాలమున రద్దీ తక్కువ, బసలు చవుక యని, ఒక బృందముతో మేము ఆ యాత్రకు పోయితిమి. ఒక క్షేత్రమున గుడిదారిలో ఒక కుర్రవాడు ఆకులు పరచిన బుట్టలో ఈ పువ్వులను పెట్టుకొని కూర్చుండెను. మా బృందములో దానిని గుర్తుపట్టినవారము మేమొక్కరమే. తపాలాబిళ్ల కన్నులలో మెదలినది. ఇదియే నిజమైన బ్రహ్మకమలమని తోడివారికి గర్వముతో ఉపన్యాసమిచ్చితిమి. ఉపన్యాసము ఫలితమేమనగా, తలకొకటి చొప్పున వారందరును కొనిరి. బుట్ట ఖాళీ యైనది. మేము అయిదు కొంటిమి. ఒక్కొక్కటి కాఫీ ఖరీదునకు మించలేదు. ఒకటి దేవునికి సమర్పించి, నాలుగు ఇంటికి తెచ్చితిమి. మా అర్ధాంగి వానిని పట్టుగుడ్డలో చుట్టి ఇనుపపెట్టెలో పెట్టినది. నేడు తీసి చూచినచో ఎండిన మొక్కజొన్న పొత్తిమీది తొక్కలవలె నున్నవి. తెలియనివారు కొనిన పువ్వుకంటె తెలిసిన మేము కొనినవే ఎక్కువ దోషము. ఆనాడు మాకు తెలిసినది పువ్వు ముఖము మాత్రమే. దాని బ్రదుకు తెలియలేదు.

భక్తి పేరిట దీనిని సమర్థించువారు సౌగంధికముల కథ నెత్తుదురు. ద్రౌపది కోరగా భీముడు గంధమాదనమునకు పోయి తెచ్చిన పువ్వు ఇదియేనని కొందరి విశ్వాసము. ఆ కథలోని సౌగంధికము కుబేరుని కొలనులో పూచిన నీటిపువ్వు. ఇది రాళ్లసందున పూచునది. పోనిండు, విశ్వాసమును వాదముతో కొలువరాదు. కాని కథను సగమే జ్ఞాపకముంచుకొనుట ఎందులకు? భీముడు ఊరక పోయి కోసికొని రాలేదు. దారికడ్డముగా ముసలికోతి రూపమున హనుమంతుడు పండుకొనియుండెను. తోక తొలగింపలేక భీముని గర్వమణగిన పిదపనే దారి దొరకినది. బదరీనాథము దారిలో హనుమాన్‌చట్టీయను చోట అది జరిగినదని చెప్పి నేటికిని గుడిలో మ్రొక్కుచున్నాము. మ్రొక్కి, ఆ తోక చెప్పిన మాటను మాత్రము దాటి పోవుచున్నాము. ఇంకను కావలెనన్నచో మన సామెతయే కలదు: కొండంత దేవునికి కొండంత పత్రి తేగలమా? తేలేమనియే దాని భావము. దేవుడు కొండమీదనే యున్నాడు, పత్రియు కొండమీదనే యున్నది. నడుమ మన చేయి పడనిచో ఆ పూజకు లోటేమి?

ఇది కోత యొక్కటితో ముగియు కథ కాదని మేమెరుగుదుము. యాత్రికులను, బుట్ట కుర్రవానిని నిందించి ఊరకుండుట సులభము. దీని తోబుట్టువు చరిత్ర చూడుడు. చెంగల్వకోష్టు అను పేరు మన పెద్దవారికి తెలిసినదే; పచారీకొట్టులో పొట్లము కట్టి యిచ్చెడివారు, ధూపములకును తలనూనెలకును వాడెడివారు. అదియు సౌసూరియా జాతియే, హిమాలయపు మొక్కయే. దాని వేరునకై కాశ్మీరు మొదలుగా కొండలను త్రవ్విపోసిరి. మందులు, అత్తరులు, ధూపములు, విదేశపు బేరములు, అన్నియు కలిసి దానిని ఎంత దూరము తెచ్చినవనగా, అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమువారు 1985లో దానిని మిక్కిలి కట్టుదిట్టమైన మొదటి పట్టికలో చేర్చవలసివచ్చినది. మన దేశపు వన్యప్రాణి చట్టములో రక్షణ పొందిన కొలది మొక్కలలో అదియు ఒకటి. నేడు అడవిలో అది అంతరించుటకు అంచున నున్నది. లాహౌల్ లోయలో రైతులు పొలములలో సాగుచేయుచుండుటచే జాతి నిలిచినది. వేరునకు ధర యున్నది గనుక రైతు సాగుచేసెను. కాఫీ ఖరీదునకు అమ్ముడుపోవు పువ్వును ఎవరు సాగుచేయుదురు? గఢ్వాల్ విశ్వవిద్యాలయమువారు తుంగనాథము దగ్గర పైకొండల మూలికలను పెంచి పరిశోధించుచున్నారు, సంతోషమే. పరిశోధకుల మడిలో బ్రదికినంత మాత్రమున బుగ్యాలునకు పువ్వు తిరిగిరాదు.

బుగ్యాళ్ల బాధలును అనేకము. డేరాలు, గుఱ్ఱములు, ప్లాస్టిక్కు సంచులు, ఒకచోటనే వేలకొలది పాదములు. మెత్తని పచ్చిక ఒకమారు త్రొక్కుడుపడి తెగినచో వానకు మన్ను కోసికొనిపోవును. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టువారు బుగ్యాళ్లలో రాత్రి మకాము చేయరాదనియు, యాత్రికులు 200 మందికి మించరాదనియు ఉత్తరువు చేసిరి. 1931లో ఫ్రాంక్ స్మైత్ అను పర్వతారోహకుడు కామెట్ శిఖరమునుండి మరలుచు చూచి లోకమునకు చాటిన పువ్వులలోయ 1982లో జాతీయోద్యానమైనది. 2005లో యునెస్కోవారి ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినది. ఉద్యానముగా ప్రకటించిననాడు మందల మేపు ఆపిరి. మేలే జరిగినదనుకొనుచుండగా పాలిగోనమ్ అను కలుపుమొక్క కొన్నిచోట్ల మనిషియెత్తు అలముకొని చిన్నమొక్కలను అణచివేసినది. అటవీశాఖవారు దానిని పెరికించుటకు పూనుకొనవలసివచ్చినది. గొల్లవానిని వెళ్లగొట్టినంతనే పువ్వు బ్రదుకునను లెక్క అంత సూటిగా కుదరలేదు. వీనికి తోడు కొండలు వేడెక్కుచున్నవి. క్రింది మొక్కలు పైకి జరుగుచున్నవి. పైనున్న దానికి జరుగుటకు చోటేది? దాని తలపైన బండలు, మంచు.

ఇవి యన్నియు కోర్టులు, ప్రభుత్వములు, శాస్త్రజ్ఞులు చూడవలసినవి. కోయంబత్తూరులో కూర్చున్న మనమేమి చేయగలమని అడుగుట న్యాయమే. కొండ వేడిని మనము తగ్గింపలేము. కాని కోత అడుగువారినిబట్టి యుండును, అడుగువారిలో మనమున్నాము. మన సంఘము పేర రెండేండ్లకొకమారు ఉత్తరదేశయాత్ర బయలుదేరుచున్నది. బయలుదేరువారికి ఒక కాగితము అచ్చువేసి ఇచ్చుదురు. కంబళ్లు, టార్చిలైటు, మందులు, ఆధారుకార్డు నకళ్లు, రుద్రాక్షలు కొనునప్పుడు మోసపోకుండుటకు హెచ్చరిక, అన్నియు అందుండును. ఆ కాగితములో ఒక్క పంక్తి చేర్చుడని మేము కార్యవర్గమును కోరుచున్నాము: బ్రహ్మకమలమును కొనరాదు, కోయరాదు, కోసి తెమ్మని యెవరిని అడుగరాదు, చూచి నమస్కరించి రావలెను.

రెండవ కోరిక ఈ సంచికకే సంబంధించినది. వెనుకటి సంచికలో ఒక సభ్యులయింటి కుండీలోని పువ్వు ఫొటో 'బ్రహ్మకమల దర్శనము' అను శీర్షికతో అచ్చయినది. ఆ యింటివారు మాకు ఆప్తులు, వారిమీద మాకు అలుక లేదు. ఇకమీదట అట్టి ఫొటోలు వచ్చినచో మానుడని మేమనము, నిశాగంధియని వేయుడు. హారతి మానవలదు, పాట మానవలదు, కాఫీ అసలే మానవలదు. ఒక్కరాత్రి పూచి వాడిపోవు పువ్వుకై వీధివారెల్ల కూడి మేలుకొనియుండుట చక్కని ముచ్చట. దానికి అరువుపేరు అక్కరలేదు.

ఆ బడిపిల్లకు మేము మా పాత బిళ్లల పుస్తకము తీసి 1982 నాటి బిళ్లను చూపితిమి. చాలసేపు చూచి, "ఇది మా పువ్వు కాదే!" అన్నది. మరునాడు వాళ్లమ్మను అడిగి నాలుగు కుండీలకును చీటీలు కట్టినది. అక్షరములు కొంచెము వంకరపోయినవి. యాత్రా కాగితమునకు వ్రాతపని కావలసినచో కార్యవర్గమువారు మాకు కబురుచేయవచ్చును. ఆదివారములు తీరికగానే యుందుము.